ఫోన్‌కూ మనిషికీ మధ్య ఒక ఇల్లు



1941 నవంబరు. న్యూయార్క్ నగరం. కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన ఇద్దరు సమాజశాస్త్రవేత్తల్లో ఒకరు, రెండో ఆయన్ని భార్యతో సహా రాత్రి భోజనానికి పిలిచారు. పిలిచినాయన పాల్ లాజర్స్‌ఫెల్డ్, వచ్చినాయన రాబర్ట్ మెర్టన్. తీరా అతిథులు గుమ్మంలోకి వచ్చేసరికి లాజర్స్‌ఫెల్డ్‌కి ప్రభుత్వం నుంచి అత్యవసరంగా ఒక పని వచ్చిపడింది. ఒక రేడియో కార్యక్రమాన్ని జనం ఎలా వింటున్నారో ఆ రాత్రే పరీక్షించి చెప్పాలి. ఆడవాళ్ళిద్దరినీ ఇంట్లో ఉంచి, మెర్టన్‌ని వెంటబెట్టుకుని ఆయన స్టూడియోకి వెళ్ళిపోయారు.

అక్కడ కొంతమంది మామూలు మనుషులు కుర్చీల్లో కూర్చుని రేడియో వింటున్నారు. ఒక్కొక్కరి చేతికీ అందేలా రెండు మీటలు. వింటున్నది నచ్చితే ఆకుపచ్చ మీట నొక్కాలి. నచ్చకపోతే ఎర్ర మీట. ఎవరు ఏ క్షణంలో ఏ మీట నొక్కారో కదిలే కాగితం మీద గీతలుగా నమోదవుతుంది. లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అనే ఆయనతో కలిసి తయారుచేసిన యంత్రం అది. ఇవాళ ఫోన్ తెర మీద మనం నొక్కే లైక్‌కి అది పూర్వరూపం.

కార్యక్రమం అయ్యాక ఒక సహాయకుడు ముందుకొచ్చి, ఫలానా చోట ఎర్ర మీట ఎందుకు నొక్కారని అడగడం మొదలుపెట్టాడు. మెర్టన్‌కి ఆ అడిగే తీరు నచ్చలేదు. జవాబు వాళ్ళ నోటి నుంచి రావడం లేదు, అడిగేవాడే వాళ్ళ నోట్లో పెడుతున్నాడు. చీటీల మీద రాసి ఆ మాటే లాజర్స్‌ఫెల్డ్‌కి అందించారు. అయితే వచ్చే బృందాన్ని నువ్వే అడుగు అన్నారు లాజర్స్‌ఫెల్డ్. ఆ రాత్రి మొదలైన ఆలోచన నుంచి ఒక కొత్త ఇంటర్వ్యూ పద్ధతి పుట్టింది. ఈనాడు ఫోకస్ గ్రూప్ అని మనం వింటున్నది దాని వారసత్వమే.

ఇద్దరు పండితులు, ఒక యంత్రం, భోజనం మానుకున్న ఒక రాత్రి. డిజిటల్ యుగంలో సమాజాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నంతా అందులోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఎప్పుడు నొక్కారో మీట చెబుతుంది. ఎందుకు నొక్కారో మీటకు తెలియదు. అదే రోజుల్లో హెర్తా హెర్జోగ్ అనే పరిశోధకురాలు, పగటిపూట రేడియో నాటికలు వినే గృహిణులను వంద మందిని కలిసి మాట్లాడింది. ఎంతమంది వింటున్నారనే లెక్క రేడియో కంపెనీల దగ్గర అప్పటికే ఉంది. ఆమెకు కావలసింది వేరు. ఆ కథల్లోంచి వీళ్ళు ఏం తీసుకుంటున్నారు? కొందరు తమ కష్టాన్ని ఆ పాత్రల కష్టంతో పోల్చుకుని ఊరట పొందుతున్నారు. కొందరు భర్తతో ఎలా మెలగాలో, పిల్లలతో ఎలా మాట్లాడాలో వాటి నుంచే నేర్చుకుంటున్నారు. ఏ గీతలోనూ కనపడని విషయం ఇది.

ఇప్పుడు ఆ మీట కోట్లమంది చేతుల్లోకి వచ్చింది. ఎవరూ మనల్ని స్టూడియోకి పిలవలేదు. మనం ఎవరికి ఫోన్ చేశాం, ఎంతసేపు మాట్లాడాం, ఏ టవర్ కింద ఉన్నాం, ఏ వీడియో దగ్గర ఆగాం, రాత్రి ఎన్నింటికి తెర ఆపాం, అన్నీ ఎక్కడో నమోదవుతూనే ఉన్నాయి. సమాజశాస్త్రానికి ఇంత సమాచారం మునుపెన్నడూ లేదు. అయితే ఇది పరిశోధన కోసం పుట్టిన సమాచారం కాదు. బిల్లు వేయడానికో, ప్రకటనలు అమ్మడానికో పుట్టింది. ఇంకొకరు ఇంకో అవసరానికి రాసిన లెక్కను శాస్త్రం తన పనికి వాడుకోవడం కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లో సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన గ్రంథం ప్రభుత్వ రికార్డుల మీదే ఆధారపడింది. ఒక్కో చావును ఆత్మహత్యగా రాసిందెవరు, ప్రమాదంగా రాసిందెవరు అని తరవాతి తరం వాళ్ళు ఆయన్ని నిలదీశారు. రాసిన చేయి లేని రికార్డు ఉండదు.

ఈ డిజిటల్ లెక్కలతో సమాజాన్ని చదివే కొత్త పద్ధతి ఎంత బలమైనదో ముందు చెప్పాలి. ఆఫ్రికాలో రువాండా అని చిన్న దేశం. ఏ జిల్లాలో పేదరికం ఎంతుందో తెలియాలంటే అక్కడా ఇంటింటి సర్వే చేయాలి. దానికి డబ్బు కావాలి, ఏళ్ళు పడతాయి. జాషువా బ్లూమెన్‌స్టాక్ అనే పరిశోధకుడి బృందం ఇంకో దారి పట్టింది. ఒక మొబైల్ కంపెనీకి చెందిన 15 లక్షల మంది చందాదారుల కాల్ రికార్డులు తీసుకున్నారు. మాటలు కాదు, ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారన్న నమోదు మాత్రమే. వాళ్ళలోంచి ఎనిమిది వందల పైచిలుకు మందికి ఫోన్ చేసి, ఇంట్లో రేడియో ఉందా, సైకిల్ ఉందా, ఇల్లు ఎలాంటిది అని అడిగారు. ఆ జవాబులకూ, వాళ్ళు ఫోన్ వాడే తీరుకూ ఉన్న సంబంధాన్ని కంప్యూటర్‌కి నేర్పి, మిగిలిన 15 లక్షల మంది స్థితిగతులను అంచనా వేశారు. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ఫలితం, ఇంటింటి సర్వేలు ఇచ్చిన చిత్రానికి చాలా దగ్గరగా ఉంది. ఖర్చులోనూ కాలంలోనూ ఎంతో ఆదా. కోవిడ్ కాలంలో టోగో దేశం ఇలాంటి పద్ధతితోనే పేదలను గుర్తించి, వాళ్ళ ఫోన్లకే నగదు సాయం పంపింది. ఆ సమయంలో ఇంటింటికీ తిరిగే వీలు లేదు. ఆకలి ఆగదు. ఈ పద్ధతి లేకపోతే ఆ సాయం అంత త్వరగా అంది ఉండేది కాదు.

ఇందులో ఒక చిన్న అంకె మీద మీ దృష్టి నిలపమంటాను. 15 లక్షలు కాదు. ఆ ఎనిమిది వందల పైచిలుకు. వాళ్ళను అడగకపోతే ఆ 15 లక్షల రికార్డులకూ నోరు లేదు. పాత సర్వే చచ్చిపోలేదు. కొత్త డేటాకు అదే ప్రాణం పోసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. రువాండాలో ఒక సిమ్‌ని ఒక మనిషిగా లెక్కపెట్టడంలో కొంత పొరపాటు ఉండవచ్చు. మన ఇళ్ళలో అయితే ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. సిమ్ కార్డు నాన్న పేరు మీద ఉంటుంది. రీఛార్జి అన్నయ్య చేయిస్తాడు. పగలు ఆ ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది. సాయంత్రం చెల్లెలు పాఠాలు వింటుంది. కువైట్‌లో పనిచేసే కొడుకు రాత్రి ఐమోలో వీడియో కాల్ చేస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు, పక్కింటి పిన్ని కూడా ఓ మాట మాట్లాడి పోతుంది. ఇప్పుడు ఆ ఫోన్‌లోంచి వచ్చిన డేటా ఎవరిది? కంపెనీ కంప్యూటర్ దృష్టిలో అది యాభై ఏళ్ళ మగవాడి ప్రవర్తన. ఆ మగవాడు పొద్దున మేకప్ వీడియోలు, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం త్రికోణమితి చూస్తాడు.

ఫోన్‌కూ మనిషికీ మధ్య మన దగ్గర ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఫోన్‌కు లాక్ ఎవరు పెడతారో, ఆ లాక్ ఎవరెవరికి తెలుసో అన్నదే అసలు సమాజశాస్త్రం. దాన్ని దాటేసి నేరుగా డేటాలోకి దూకితే మనకు దొరికేది సమాజం కాదు, సిమ్‌ల జాబితా.

అసలు ఆ జాబితాలోనే లేనివాళ్ళ సంగతి? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మగవాళ్ళలో 48.8 శాతం వాడామన్నారు. ఆడవాళ్ళలో 21 శాతం. తెలంగాణలో మగవాళ్ళు 57.4, ఆడవాళ్ళు 26.5. ఆ తరవాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పేరుపడిన మన రెండు రాష్ట్రాల్లో, ఆ నాటికి ప్రతి నలుగురు ఆడవాళ్ళలో దాదాపు ముగ్గురు ఇంటర్నెట్ గడప తొక్కలేదు. ఆ రోజుల ట్విట్టర్ చర్చలు చూసి తెలుగువాళ్ళ అభిప్రాయం ఇదీ అని ఎవరైనా తేల్చి ఉంటే, ఆ తెలుగువాళ్ళలో ఈ ఆడవాళ్ళు లేరు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఎప్పుడూ వినపడని గొంతులే మళ్ళీ వినపడకుండా పోతాయి. ఈసారి శాస్త్రం పేరు మీద.

డేటా లెక్క తప్పితే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. వేర్వేరు శాఖల రికార్డులను కలిపి ఒక్కో కుటుంబం స్థితిగతులు తేల్చే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ అక్కడ ఉంది. 2014కూ 2019కీ మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహారభద్రతా కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. క్షేత్రస్థాయికి వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022లో కోర్టు చెప్పింది. రిక్షా తొక్కుకుని బతికిన మనిషి పేరు ఇంకెవరో కారు యజమాని పేరుతో కలిసిపోయి, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయిన సంగతి పత్రికల్లో వచ్చింది.

మన పేర్ల సంగతి తెలిసినవాళ్ళెవరికీ ఇది ఆశ్చర్యం కలిగించదు. ఒకే మనిషి బ్యాంకులో కె. లక్ష్మి, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా లక్ష్మమ్మ, ఉపాధి హామీ జాబ్‌కార్డులో భర్త పేరు తోకగా ఉన్న లక్ష్మీదేవి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరం. ఊళ్ళో పదిమంది లక్ష్ములుంటే ఎవరు ఎవరో తలారికి తెలుసు, పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. పేర్లు పోల్చే ప్రోగ్రాముకు తెలియదు. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళ పక్కన ఊరు తెలిసిన సమాజశాస్త్రవేత్త ఒకరు కూర్చోవాలి. ఇది నా కోరిక కాదు, అవసరం.

ఆ పని ఓపికగా చేసిన వాళ్ళు ఉన్నారు. రాజేశ్ వీరరాఘవన్ అనే పరిశోధకుడు ఉపాధి హామీ పథకం మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుదీర్ఘంగా క్షేత్ర పరిశీలన చేశారు. ఆయన పుస్తకం పేరు ప్యాచింగ్ డెవలప్‌మెంట్. మస్టర్లు కంప్యూటర్‌కెక్కితే దొంగ హాజరు ఆగుతుందని పై అధికారులు అనుకుంటారు. కింద ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు దానికొక సందు కనిపెడతారు. పైవాళ్ళు సాఫ్ట్‌వేర్‌ని సవరిస్తారు. కిందవాళ్ళు ఇంకో సందు వెతుకుతారు. ఈ పోరంతా సర్వర్‌లో కనపడదు. మండల ఆఫీసులో కూర్చుంటే, కూలీలతో నడిస్తే కనపడుతుంది. ఆ పథకంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది సామాజిక తనిఖీ. కంప్యూటర్‌లోని లెక్కను కాగితం మీదకి తెచ్చి, కూలీల ముందు పైకి చదువుతారు. నీకు ఇన్ని రోజుల కూలి ముట్టిందని రాసి ఉంది, నిజమేనా అని అడుగుతారు. డేటాను దాని సొంతదారు ముందు నిలబెట్టి సరిచూసే ఆ పద్ధతి, పరిశోధకులు కూడా నేర్చుకోదగ్గది.

ఊళ్ళో ఉండి చూడడం మన నేల మీద పాత సంప్రదాయమే. హైదరాబాదుకు దగ్గర్లో ఉన్న శామీర్‌పేటను 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందం అధ్యయనం చేసింది. దాన్ని నడిపించిన ఎస్.సి. దూబే 1955లో ఇండియన్ విలేజ్ అనే పుస్తకం రాశారు. స్వతంత్ర భారతంలో వచ్చిన తొలి సమగ్ర గ్రామ అధ్యయనాల్లో అదొకటి. కులాలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడ్డాయి, పెళ్ళిళ్ళు, పంటలు, జాతరలు, తగువులు, అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ శామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం ఉంది, దగ్గర్లో అవుటర్ రింగ్ రోడ్డు. అక్కడి కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరున్నారు, ఎవరు లేరు? కులసంఘం గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, బడి గ్రూపు, ఈ మూడింటిలోనూ ఉన్నవాళ్ళెవరు? దూబే అడిగిన ప్రశ్నలే ఇవి. అడగవలసిన చోటు ఒకటి పెరిగింది.

తమిళనాడులో సరిగ్గా ఆ పనే జరిగింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన డేనియల్ మిల్లర్ ఒక పెద్ద పరిశోధన నడిపారు. తొమ్మిదిమంది పరిశోధకులు తొమ్మిది చోట్ల, ఒక్కొక్కరూ పదిహేను నెలలపాటు ఉండి, అక్కడి జనం సోషల్ మీడియాను ఎలా వాడుతున్నారో చూశారు. బ్రెజిల్, చిలీ, ట్రినిడాడ్, టర్కీ, ఇటలీ, ఇంగ్లండ్, చైనాలో రెండు చోట్లు, ఒకటి దక్షిణ భారతం. మన వైపు పనిచేసింది శ్రీరామ్ వెంకట్రామన్. చెన్నై దగ్గర ఊళ్ళ పక్కనే ఐటీ కంపెనీలు లేచిన ప్రాంతం అది. అక్కడివాళ్ళ గోప్యత కోసం దానికి పంచగ్రామి అని మారుపేరు పెట్టారు. 2017లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఆయనకు కనపడిందేమిటి? ఫేస్‌బుక్ వచ్చి కులం గోడలు కూల్చేసిందనుకుంటే పొరపాటు. బయట ఎవరితో కలుస్తారో, తెర మీదా ఎక్కువగా వాళ్ళతోనే కలుస్తున్నారు. వర్గం, కులం, వయసు, ఆడా మగా తేడా, వీటిని బట్టే ఎవరు ఏ వేదిక వాడాలి, ఎంత కనపడాలి అన్నది నడుస్తోంది. పైకి అంతా మారినట్టుంటుంది, లోపల పాత కట్టుబాటు పట్టు వదల్లేదు. మరోవైపు ఆఫీసు, ఇల్లు అనే గీత చెరిగిపోయింది. పని మధ్యలో బిడ్డ బడి నుంచి వచ్చిందా లేదా అని తల్లి కనుక్కుంటోంది, ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఆఫీసు మెసేజీకి జవాబిస్తోంది. ఈ రెండు సంగతులూ లక్ష పోస్టుల్ని కంప్యూటర్‌తో లెక్కగట్టినా బయటపడేవి కావు. అమ్మాయి తన ఫోటోకు బదులు పువ్వు బొమ్మ పెట్టుకుంటే, యంత్రానికి అది పువ్వు. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది, అన్నయ్య ఒప్పుకోడని.

ఇక్కడ సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గుర్తొస్తారు. మైసూరు దగ్గర రాంపుర గ్రామంలో 1948లో ఉండి, ఆయన రాసుకుని క్రోడీకరించిన నోట్సు ప్రతులు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయాయి. ఇరవై ఏళ్ళ శ్రమ. తరవాత ఆయన జ్ఞాపకం ఆధారంగానే ది రిమెంబర్డ్ విలేజ్ రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకం ఈనాటికీ పాఠ్యగ్రంథమే. కాగితాలు పోయినా రాయగలిగారు, ఆయన అక్కడ ఉన్నారు కాబట్టి. ఈనాటి పరిశోధకుడి దగ్గర కాగితం ముక్క కూడా పోదు. అన్నీ భద్రంగా ఉంటాయి. అతను మాత్రం అక్కడ లేడు.

వాట్సాప్ విషయానికొస్తే కష్టం ఇంకో రకం. అది తలుపు వేసుకున్న గది. లోపల ఏముందో కంపెనీకే కనపడకుండా సందేశాలు సంకేతలిపిలో ఉంటాయి. కిరణ్ గరిమెళ్ళ, డీన్ ఎకల్స్ అనే పరిశోధకులు 2019 సార్వత్రిక ఎన్నికల ముందు, మన దేశంలోని రాజకీయ గ్రూపుల్లో తిరిగిన బొమ్మలను పరిశీలించారు. వాటిలో సుమారు 13 శాతం అబద్ధమని అప్పటికే తేలినవి. సైమన్ షోషార్‌తో కలిసి గరిమెళ్ళ ఉత్తరప్రదేశ్‌లో పార్టీల గ్రూపులు చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అందరూ భయపడినంత విద్వేషం, అబద్ధం అక్కడ కనిపించలేదు. రాజకీయంతో పనిలేని పలకరింపులు, దైవభక్తి సందేశాలే చాలా ఉన్నాయి. వాట్సాప్ అంటే విషం అని ఒక్కమాటలో కొట్టిపారేసేవాళ్ళు దీన్ని గమనించాలి. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మను చదువుకున్నవాళ్ళు విసుక్కుంటారు. దూరంగా ఉన్న మేనత్తకు అది, నేను బాగున్నాను, నువ్వెలా ఉన్నావు అనే కబురు. అది రాని రోజున ఫోన్ చేసి ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్ళు మన కుటుంబాల్లో ఉన్నారు.

అలాంటి గదిలోకి తలుపు బద్దలుకొట్టి వెళ్ళకూడదు. అందుకే డేటా దానం అనే పద్ధతి వచ్చింది. ఒప్పుకున్నవాళ్ళు తమ గ్రూపుల సమాచారాన్ని తామే పరిశోధకులకు ఇస్తారు. పేర్లు, నంబర్లు తీసేస్తారు, ముఖాలు మసకబారుస్తారు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఒప్పుకున్నది ఒక్కరు. ఆ గ్రూపులో మాట్లాడినవాళ్ళు వందమంది.

పేరు తీసేస్తే చాలదని తెలియడానికి ఒక్క ఉదాహరణ. ఇవ్-అలెగ్జాండర్ ద మోంజొయ్ అనే పరిశోధకుడి బృందం 2013లో 15 లక్షల మంది మొబైల్ కదలికలను పరీక్షించింది. ఒక మనిషి ఏ సమయంలో ఎక్కడున్నాడో నాలుగు చోట్లు తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడదీసి పట్టుకోవచ్చని తేలింది. మన ఇల్లు, మన ఆఫీసు, ఆదివారం వెళ్ళే గుడి, చెల్లెలి ఊరు. ఆ నాలుగూ కలిసేది మన ఒక్కరి దగ్గరే.

డిజిటల్ యుగం ఇంకో వరం ఇచ్చింది. పూర్వం సమాజం మీద ప్రయోగాలు చేయడం దాదాపు అసాధ్యం, ఇప్పుడు వీలవుతోంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం పాటల గురించి కాబట్టి రేడియో శ్రోతలకు నచ్చుతుంది. ఎవరికీ తెలియని బృందాల 48 పాటలు ఇంటర్నెట్‌లో పెట్టారు. 14 వేల మందికి పైగా విన్నారు. వాళ్ళను వేర్వేరు లోకాలుగా విడదీశారు. ఒక లోకంవాళ్ళకు ఆ లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో మాత్రమే కనపడుతుంది, పక్క లోకం సంగతి తెలియదు. పాటలు అవే. ఫలితాలు వేరు. లాక్‌డౌన్ అనే ఒక పాట ఒక లోకంలో మొదటి స్థానంలో నిలిచింది, ఇంకో లోకంలో నలభయ్యో స్థానంలో. మరీ మంచి పాట అట్టడుగుకు పోలేదు, మరీ నాసిరకం పైకి రాలేదు. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం ముందుగా ఎవరు మెచ్చుకున్నారన్న దాని మీద నడిచింది. సినిమా టీజర్‌కు ఒక్కరోజులో ఇన్ని వ్యూస్ అని ఎందుకు అంతగా చాటుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. వ్యూసే వ్యూస్‌ని తెస్తాయి.

ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళకు తాము ఒక పరిశోధనలో ఉన్నామని తెలుసు. 2012 జనవరిలో ఫేస్‌బుక్ చేసిన ప్రయోగంలో 6,89,003 మందికి ఆ సంగతి తెలియదు. వారం రోజులపాటు కొందరికి సంతోషపు మాటలున్న పోస్టులు తగ్గించి చూపారు, కొందరికి దుఃఖపు మాటలున్నవి. వాళ్ళు రాసే మాటలు దానికి తగ్గట్టు మారతాయా అని చూశారు. మారాయి, కానీ అతి స్వల్పంగా. 2014లో ఫలితం ప్రచురితమయ్యాక పెద్ద దుమారం లేచింది. స్వల్పంగా మారినా సరే, అడగకుండా ఎదుటివాళ్ళ మనసు మీద చేయి వేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వారంలో ఎవరు ఎలాంటి కష్టంలో ఉన్నారో ప్రయోగం చేసినవాళ్ళకు తెలియదు. తెలుసుకునే ఏర్పాటూ లేదు.

ఈ వేదికలు నిశ్చలంగా ఉండవన్నది ఇంకో చిక్కు. 2018లో మన దేశంలో వదంతుల వల్ల మూకహత్యలు జరిగాక, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. ఆ తరవాత ఫార్వర్డులు తగ్గాయని ఒక పరిశోధకుడు లెక్క చూపిస్తే, మనుషులు మారారా, మీట మారిందా? జ్వరం గురించి జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ వ్యాప్తిని అంచనా వేయాలని గూగుల్ చేసిన ప్రయత్నం 2012-13 సీజన్‌లో బాగా ఎక్కువ చూపించి బోల్తాపడింది. వెతికే పెట్టె తానే మాటలు అందిస్తూ ఉంటే, ఆ మాటలు జనానివా, పెట్టెవా అన్న సందేహం అప్పుడు పైకి వచ్చింది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది తాళాల సంగతి. సమాజం గురించిన సమాచారం కొద్ది కంపెనీల చేతిలో ఉంది. ట్విట్టర్ 2023లో పరిశోధకులకు డేటా ఉచితంగా ఇచ్చే దారి మూసేసింది. ఫేస్‌బుక్ పోస్టుల వ్యాప్తిని చూపే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. సగంలో ఉన్న పరిశోధనలు సగంలోనే ఆగాయి. యూరప్‌లో పెద్ద వేదికల డేటాను అర్హులైన పరిశోధకులు అడిగి తీసుకునే హక్కును చట్టంలో రాశారు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఉంది. ఉన్న డేటాను వాడుకునేందుకు అది వెసులుబాటు. కంపెనీ బీరువా తెరిపించే హక్కు కాదు. ఆ హక్కు మన విశ్వవిద్యాలయాలకూ కావాలి. దానితోపాటు ప్రాంతీయ భాషల్లో క్షేత్ర పరిశీలన చేసే విద్యార్థులకు డబ్బూ కావాలి. ప్రోగ్రాము రాయగల పిల్లలు మనకు లక్షల్లో ఉన్నారు. ఒక ఊళ్ళో ఏడాది ఉండి రాగల పిల్లలను తయారుచేయడం మనం తగ్గించుకున్నాం.

శ్రోతల్లో కొందరి గుమ్మంలోకి రేపు ఒక పరిశోధకుడో పరిశోధకురాలో రావచ్చు. చేతిలో ట్యాబ్ ఉంటుంది. మీ ఫోన్ వాడకం గురించి అడుగుతారు, ఫలానా యాప్ పెట్టుకోమంటారు. తిప్పి పంపకండి, కూర్చోబెట్టి మాట్లాడండి. జవాబులు ఇచ్చేముందు మీరూ కొన్ని ప్రశ్నలు అడగండి. ఏ సంస్థ తరపున వచ్చారు, డబ్బు ఎవరిది? నా ఫోన్‌లోంచి ఏమేం తీసుకుంటారు, నాతో మాట్లాడేవాళ్ళవి కూడా తీసుకుంటారా? ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా? ఇంటి పెద్ద ఒక్కరినే అడిగి వెళ్ళిపోతారా, లోపల ఉన్న కోడలితో కూడా విడిగా మాట్లాడతారా? చివరికి మీకు తేలిందేమిటో మళ్ళీ వచ్చి మా ఊళ్ళో, మాకు అర్థమయ్యే మాటల్లో చెబుతారా?